పురింగ్ ఇంటి పదమూడో మెట్టు

మోలో అనే ఊళ్ళో ఒక ఇల్లు ఉంది. దాని మెట్లు పొద్దున పన్నెండు, మధ్యాహ్నం పదమూడు, దీపాలు పెట్టే వేళకి పద్నాలుగు. ఎక్కేది పుణ్యాత్ముడైతే రెండు అంగల్లో పైకి చేరతాడు. అబద్ధాలకోరైతే మెట్లు అయిపోవు. ఇలోయిలో పట్నం నుంచి వచ్చిన ఒక వకీలు ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు.

సరే, వకీలు సంగతి వెనక్కి తీసుకోవచ్చు. పద్నాలుగు అన్నది కూడా కొంచెం ఎక్కువే. కానీ పన్నెండు నిజం, పదమూడు నిజం. ఒకే ఆదివారం నాడు, పొద్దుటి పూజకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య, ఎవరూ సుత్తి పట్టకుండానే ఆ ఇంటికి ఒక మెట్టు పోయింది, ఒక మెట్టు వచ్చింది. దానికి ఐదుగురు మనుషులూ ఒక కోడీ సాక్షులు. ఆరుగురిలోనూ అబద్ధమాడటం చేతకానిది ఆ కోడి ఒక్కటే.

ఇల్లు పురింగ్‌ది. జ్ఞానస్నానం నాడు పెట్టిన పేరు పురిఫికసియోన్. అంత పేరు పిలవడానికి ఊళ్ళో ఎవరికీ తీరిక లేక పురింగ్ అయింది. ఆమెకంటే చిన్నవాళ్ళకి నాంగ్ పురింగ్, అంటే పురింగక్క. వయసు అరవై ఆరు. చేసేది బిబింకా. బియ్యప్పిండిలో కొబ్బరి కలిపి, కింద నిప్పులు, పైన నిప్పులు పెట్టి కాల్చే ఆ రొట్టె కోసం జనం పూజ ముగియక ముందే గుడి వెనక తలుపు నుంచి జారుకుంటారని చర్చి విచారణ గురువు ఒకసారి ప్రసంగంలోనే వాపోయాడు. వాపోయి, ఆ సాయంత్రం నాలుగు తెప్పించుకున్నాడు.

నలభై ఏళ్ళుగా పొయ్యి కింద, కాపురం పైన. వానాకాలంలో వీధిలోకి నీళ్ళొస్తాయి కాబట్టి ఆ పక్క ఇళ్ళన్నీ అంతే. బియ్యం పైన, నీళ్ళు కింద. కొబ్బరికోరు పైన, కొబ్బరికాయలు కింద. ఒక్క వాయి బిబింకాకి పురింగ్ ఎంత లేదన్నా ఆరుసార్లు మెట్లెక్కి దిగేది. నిరుటి వానల్లో ఎడమ మోకాలు ఒక ఉదయం మాట వినడం మానేసింది. ఆ తర్వాత ఆమె మెట్లు ఎక్కడం కాదు, ఒక్కొక్క మెట్టుతోనూ విడివిడిగా బేరం ఆడుకోవడం.

అందుకని ఇల్లు అమ్మాలనుకుంది. గిమరాస్ దీవికి వెళ్ళే పడవల రేవు దగ్గర ఒక గది చూసుకుంది. ముందు కొట్టు, వెనక మంచం, మధ్యలో తడిక. నేల మీద నేలలాగే ఉన్న గది. పడవ దిగిన ప్రతివాడికీ ఆకలేస్తుంది కాబట్టి బేరానికి లోటు లేదు. ఆ గదిలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నాలుగుసార్లు నడిచి, మోకాలు ఒక్క మాట కూడా అనకపోయేసరికి పురింగ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గది యజమాని మంచివాడే కానీ తొందర మనిషి. "కొవ్వొత్తుల మాత పండగ దాకా ఆగుతాను నాంగ్. పండగ దాటితే ఫోన్లు బాగుచేసేవాడికి ఇచ్చేస్తాను," అన్నాడు.

అప్పటికి పండగ ఇంకా ఏడు వారాలుంది.

ఇంటిని పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు ముస్తాబు చేసింది పురింగ్. పక్కింటి వడ్రంగి దోరిక్‌ని పిలిచి, కొబ్బరిడొక్క పాదం కింద పెట్టి పై అంతస్తు చెక్క నేలంతా తోమించింది. యాభై దాటిన దోరిక్ నడుము తిప్పుతూ ఆ మూల నుంచి ఈ మూలకి జారుతుంటే, కింద నుంచి చూసిన వాళ్ళు పైన ఏదో నాట్యం జరుగుతోందనుకున్నారు. చెదలు తిన్న గోడ మీద, ఊళ్ళో ప్రతి భోజనాల గదిలోనూ వేలాడే నిలువెత్తు చెక్క గరిటె, చెక్క ఫోర్కు తగిలించింది. చెదల మచ్చ కొంచెం వెడల్పుగా ఉండటంతో దోరిక్ ఇంటి గరిటె కూడా అడిగి తెచ్చింది. పైకప్పు ఒకచోట కారుతుంది. సరిగ్గా దాని కింద ఫెర్న్ మొక్క కుండీ పెట్టింది. కారినా మొక్కకి నీళ్ళు పోసుకున్నట్టే ఉంటుంది. సోఫా గుడి పాటల బృందం గదిలోది. ఆదివారం సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవాలి.

ఇక చుట్టుపక్కల. ఎదురింటి వాళ్ళ పాటల యంత్రం మధ్యాహ్నం ఒంటిగంట దాకా నోరెత్తకూడదు. దానికి వారానికి ఆరు బిబింకాలు. దోరిక్ పెళ్ళాం ఆదివారాలు ఎండుచేపలు వేయించకూడదు. దోరిక్ పందెం కోడిపుంజు మీద గంప బోర్లించాలి. కొనేవాళ్ళు గేటు దగ్గర కనిపించగానే పురింగ్ నిప్పుల మీద కాఫీ గింజలు చల్లేది. ఆ వాసనకి పొరుగువీధి వాళ్ళు కూడా ఇల్లు కొనడానికి వచ్చినట్టు గేటు దగ్గర ఆగేవాళ్ళు.

అసలు కొనేవాళ్ళు మూడు జట్లు వచ్చారు. అందరూ ఎంతో మర్యాదగా మెట్లెక్కారు. గరిటెని గానీ, ఫెర్న్‌ని గానీ, అద్దంలా మెరిసే నేలని గానీ చూడకుండా, గడప దగ్గరే ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. కాఫీ సగం తాగి, "మళ్ళీ వస్తాం నాంగ్," అని దిగిపోయారు. రాలేదు. నాలుగు వారాలు అలా కరిగిపోయాయి.

ఒక గురువారం, నేల మళ్ళీ తోమడానికి వచ్చిన దోరిక్ కొబ్బరిడొక్క చంకలో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"నాంగ్, ఒక మాటంటే కోప్పడరుగా?"

"కోప్పడేదయితే అనకు."

"వాళ్ళు మీ కాఫీకి పోలేదు. మీ మెట్లకి పోయారు."

"మెట్లకేం? ఒక్కటీ కదలదు. మా సిద్రో కొట్టిన మేకులవి."

"కదిలితే నేను బాగుచేద్దును. ఎన్ని ఉన్నాయో ఎప్పుడన్నా లెక్కపెట్టారా? బంగారం, వెండి, చావు. బంగారం, వెండి, చావు. పన్నెండోది ఏమిటో మీరే చెప్పండి."

పురింగ్ చేటలో బియ్యం అలాగే ఆగిపోయింది. ఆమెకి తెలియక కాదు. కింద నుంచి ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క మాట అనుకుంటూ ఎక్కితే చివరి మెట్టు మీద ఏ మాట పడుతుందో ఆ ఇంటికి అదే రాత అని ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు ఆమె మొదట చేసిన పని అవి లెక్కపెట్టి ఏడవడమే. కల్లు కుండ పక్కన పెట్టుకుని మెట్లు కొట్టిన మొగుడు సిద్రో తల గోక్కుని, "గడప కూడా మెట్టేనే పిచ్చిదానా! పదమూడు! బంగారం!" అన్నాడు. పెళ్ళయిన కొత్త కాబట్టి నమ్మింది. తర్వాత అలవాటైంది. సిద్రో కూడా మెట్ల వల్లేం పోలేదు. డెబ్భై రెండో ఏట కోడిపందేల బరిలో, తన పుంజు గెలవడం కళ్ళారా చూసి, నవ్వుతూ పోయాడు.

"గడపతో కలిపి పదమూడురా," అంది.

"గడప మెట్టయితే నా టోపీ కూడా మెట్టే. అడుగున ఒకటి సిమెంటుతో పోసేస్తాను. రెండు గంటల పని. ఎవరికీ చెప్పకండి."

పురింగ్ కన్యాస్త్రీల బడిలో ఆరేళ్ళు చదివింది. పాపాలు రెండు రకాలని, ఉతికితే పోయే మరకలాంటిది స్వల్ప పాపమని, గుడ్డనే కాల్చేసేది చావైన పాపమని అక్కడ బెత్తంతో సహా నేర్పారు. ఆ రాబోయే మెట్టుని ఏ గంపలో వెయ్యాలో ఆమె సాయంత్రం దాకా ఆలోచించింది. అబద్ధమంటే నోటితో చెప్పేది. మెట్టుకి నోరు లేదు. ఎవరైనా వచ్చి ఇది కొత్తదా అని అడిగితే అప్పుడు కదా పాపం? అడగకుండా ఉంటే చాలు.

అడగకుండా ఉండటానికి ఆమె చేసిన ఏర్పాట్లు చూస్తే ఆ కన్యాస్త్రీలు బడి మూసేసేవాళ్ళు. సిమెంటు ఆరగానే కాఫీ మడ్డి పూసింది. అరటి బోదె కోసి ఆ రసంతో నల్లమరకలు పెట్టింది. బావిగట్టు మీది నాచు గీకి అంచులకి అద్దింది. కొబ్బరి కత్తి వెనక్కి తిప్పి ఒక మూల కొంచెం చితక్కొట్టింది. చివరికి తన నల్ల కోడి రెజీనాని దాని మీద కూర్చోబెట్టి, అది చెయ్యాల్సింది చేసేదాకా పట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ మెట్టు స్పెయిన్ వాళ్ళ కాలంలో పోసినదానిలా ఉంది. దోరిక్ చూసి టోపీ తీశాడు.

"నాంగ్, మీరు బిబింకాలు చేస్తూ బతుకంతా వృథా చేసుకున్నారు."

పదమూడు. బంగారం. పురింగ్ మోకాలి మీద చెయ్యేసుకుని పదమూడూ ఎక్కింది. పదమూడో మెట్టు పది మెట్ల పెట్టు బాధించినా నవ్వుతూనే ఎక్కింది.

శనివారం సాయంత్రం గిమరాస్ పడవలో చెల్లెలు సోలిన్ దిగింది. అక్కకి సాయం చేద్దామని వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, చేతులకి ఖాళీ ఉంటే జ్వరం వస్తుంది. నోటికీ అంతే. సోలిన్‌కి ఒక సంగతి చెప్పడమూ పడవ కూత వెయ్యడమూ ఒకటేనని పురింగ్ కొత్త మెట్టు గురించి ఆమెకి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆదివారం పొద్దున పురింగ్ పూజకి వెళ్ళింది. శనివారం సాయంత్రం పూజ విన్న సోలిన్ ఇంటి దగ్గర ఉండిపోయింది. కొనేవాళ్ళు పూజ నుంచి నేరుగా వస్తారు. ఓడలో పనిచేసే ఒకతని భార్య నోర్మిలిన్, అతని తల్లి లోలా ఎంగ్రాసియా, అంటే ఎంగ్రాసియా అవ్వ. కోడలికి ఇల్లు నచ్చితే చాలదని, ముసలావిడకి నచ్చాలని ముందే తెలుసు.

సోలిన్ వాకిలి ఊడ్చింది. మెట్లు తుడిచింది. తుడుస్తూ నడుం నిలబెట్టి ఆలోచించింది. ఈ దరిద్రపు మెట్లు పన్నెండని తనకి అక్క పెళ్ళినాటి నుంచే తెలుసు. మళ్ళీ లెక్కపెట్టే పనేముంది? పన్నెండులో ఒకటి తీసేస్తే పదకొండు. పదకొండోది వెండి. బంగారం కాకపోయినా వెండికి ఏం తక్కువ? తియ్యడానికి రంపం ఎందుకు, అడుగుది నేలలో కలిపేస్తే పోలేదా?

బోగన్‌విల్లా పాదు నుంచి గంపలతో మట్టి మోసింది. అడుగు మెట్టు కనపడకుండా వాకిలంతా ఎత్తు చేసి, నీళ్ళు చల్లి, రోకలితో దిమ్మిస కొట్టింది. పైన చీపురుతో అందంగా గీతలు గీసింది. చెరో పక్క ఆర్కిడ్ కుండీలు పెట్టింది. చెయ్యి కడుక్కుని, పైకి వెళ్ళి, అక్కకి ఇవ్వబోయే కానుక తలుచుకుని తనలో తను మురిసిపోయింది.

పూజ ముగిశాక పురింగ్ ఆ అత్తాకోడళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. లోలా ఎంగ్రాసియాకి ఎనభై ఒకటి. ఒక చేతిలో జపమాల, ఇంకో చేతిలో నల్ల గొడుగు. గొడుగు ఎండకి కాదు, ఎదుటివాళ్ళని పొడవడానికి. గేటు దగ్గర కాఫీ వాసన వేస్తోంది. ఎదురింటి యంత్రం మూగగా ఉంది. దోరిక్ గోడ మీద మోచేతులు పెట్టుకుని, ఏమీ తెలియని ముఖంతో నిలబడ్డాడు. ఆర్కిడ్లు చూసి, సోలిన్‌కి ఇంత తెలివి ఎప్పుడొచ్చిందా అని పురింగ్ ముచ్చటపడింది. నేల వైపు చూడలేదు.

"ఇందాయ్," అంది లోలా. అమ్మాయీ అని. పురింగ్‌ని ఆ మాట పిలిచే వాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మిగిలారు. "ముందు నేనెక్కుతాను. నువ్వు మాట్లాడకు."

గొడుగు కొస మొదటి మెట్టు మీద టక్కుమంది.

"బంగారం."

టక్. "వెండి."

టక్. "చావు."

పురింగ్ వెనకే ఎక్కుతూ మనసులో కలిసి పాడుతోంది. బంగారం, వెండి, చావు. ఇంకోసారి. ఇంకోసారి. పదో మెట్టు బంగారం. పదకొండు వెండి. పన్నెండు చావు. దాని తర్వాత ఇంకొక్కటి... లోలా గొడుగు గాలిలో ఆగింది. ఎదురుగా గడప ఉంది. ఎక్కడానికి ఇంకేమీ లేదు.

"చావు," అంది లోలా, పూజలో ఆమెన్ అన్నట్టుగా.

నోర్మిలిన్ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో రేవు దగ్గరి గది పడవెక్కి వెళ్ళిపోవడం పురింగ్ కళ్ళారా చూసింది.

"ఉండండి లోలా, ఒకటి వదిలేశారు."

"నేనా? డెబ్భై ఏళ్ళుగా ఊళ్ళో మెట్లన్నీ లెక్కపెడుతున్న దాన్ని."

"నేను చూపిస్తాను!"

మోకాలు సంగతే మర్చిపోయి పురింగ్ గడగడా కిందికి దిగి, అంతే వేగంగా పైకెక్కింది. పన్నెండు. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. పన్నెండు. నిన్నగాక మొన్న కోడితో సహా కష్టపడి ముసలిదాన్ని చేసిన మెట్టు ఏమైపోయింది?

"పదమూడు ఉండాలి," అంది రొప్పుతూ.

లోపల నుంచి సోలిన్ కాఫీ పళ్ళెంతో వచ్చింది. "పదమూడేంటి నాంగ్? పదకొండు!"

"పన్నెండు," అంది లోలా.

"పదకొండు! పొద్దునే కదా నేను..." అని సోలిన్ నాలిక కరుచుకుంది.

"నువ్వు ఏంటే?"

"నేను... ఊడ్చాను."

గోడ అవతల నుంచి దోరిక్ అరిచాడు. "పదమూడే లోలా! నేనే కదా..." పురింగ్ చూపు అతని మీద పడింది. "...నేనే కదా రోజూ లెక్కపెట్టేది. కాలక్షేపానికి."

"నీ ఇంటి మెట్లు లెక్కపెట్టుకోవచ్చుగా?" అంది లోలా.

"మాకు మెట్లు లేవు లోలా. నిచ్చెన."

ఇక పురింగ్, సోలిన్ ఇద్దరూ వరసగా దిగారు, ఎక్కారు. ఒకామె పదమూడు చెయ్యాలని, ఒకామె పదకొండు చెయ్యాలని. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇద్దరికీ పన్నెండే. పురింగ్ చివరికి చచ్చిపోయిన మొగుడి వాదం కూడా బయటికి తీసింది.

"గడపతో కలిపి చూడండి!"

"గడప మెట్టని ఎవరన్నారు?"

"మా ఆయన."

"తాగేవాడా?"



"అత్తయ్యా, ఇక వెళ్దాం," అంది నోర్మిలిన్ మెల్లగా. ముసలావిడ కదల్లేదు. పై మెట్టు మీద కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, కింద వాకిలి వైపే చూస్తోంది.

వాకిట్లో రెజీనా ఉంది. కొత్త మట్టి, తడి మట్టి, వానపాములున్న మట్టి. కోడి జన్మకి అంతకంటే ఏం కావాలి? రెండు కాళ్ళతో ఎగదన్నుతోంది. మట్టి ఎగిరి ఆర్కిడ్ల మీద పడుతోంది. ఎగదన్నగా ఎగదన్నగా, కాఫీ మరకలతో, నాచుతో, చితికిన మూలతో, సమాధిలోంచి లేచినట్టు మెట్టు బయటపడింది. దాని పక్కన, కాఫీ మడ్డి అందని చోట, సిమెంటు తెల్లగా నవ్వుతోంది.

సోలిన్ తను పాతిపెట్టిందేమిటో అప్పుడు చూసింది. పురింగ్ తన మెట్టుని పాతిపెట్టిందెవరో అప్పుడు చూసింది. దోరిక్ గోడ వెనక కిందికి కుంగిపోయాడు, టోపీ మాత్రం కనిపించేలా.

లోలా ఎంగ్రాసియా ఒక్కొక్క మెట్టే దిగింది. అడుగున ఆగి, గొడుగు కొసతో ఆ సిమెంటుని పొడిచింది. వాసన చూసింది.

"ఈ మెట్టు వయసెంత ఇందాయ్?"

అడిగేసింది. అడగకుండా ఉంటే చాలనుకున్న ప్రశ్న అడిగేసింది. ఇంకా పంతొమ్మిది రోజుల్లో పండగ. పురింగ్ కళ్ళ ముందు ఒక పక్క రేవు గది, ఇంకో పక్క బెత్తం పట్టుకున్న కన్యాస్త్రీ.

"మూడు రోజులు లోలా."

"నాచు?"

"బావిగట్టుది."

"ఇదీ?" గొడుగు ఒక తెల్ల మరక మీద ఆగింది.

"అది మాత్రం నిజమైనదే. రెజీనాది."

ముసలావిడ భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందనుకుని కోడలు పట్టుకోబోయింది. ఏడుపు కాదు. నవ్వు ఆగాక, కొంగు లేని మనిషి కాబట్టి జపమాల ఉన్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"పిచ్చిదానా, మెట్టు కలపడం ఒక తప్పా? మా ఇంటికి నేను రెండు కలిపాను. మా అత్త ఇప్పటికీ పైనుంచి వెతుక్కుంటోంది. మెట్లు మనిషి చేసుకునేవి. ఇప్పుడెన్ని? పదమూడు. బంగారం. అయిపోయింది. నేను చూడటానికి వచ్చింది వేరే."

"ఏమిటి లోలా?"

"నీ వయసెంత?"

"అరవై ఆరు."

"ఇప్పుడు నా కళ్ళముందు ఎన్నిసార్లు ఎక్కి దిగావు? ఎనిమిది. నేను లెక్కపెట్టాను. పరుగెత్తావు, మేకపిల్లలాగా. ఈ వారంలో నేను చూసిన ఇళ్ళవాళ్ళందరూ నాలుగో మెట్టు మీదే దగ్గు. నలభై ఏళ్ళు ఈ మెట్లెక్కిన దానికి ఈ కాళ్ళా! నోర్మిలిన్, ఈ మెట్లలో ఏదో ఉందే. నా ఒళ్ళు బాగుపడేది ఈ ఇంట్లోనే."

సరిగ్గా ఆ క్షణానే ఎడమ మోకాలికి తను ఎనిమిదిసార్లు ఎక్కి దిగిన సంగతి గుర్తొచ్చింది. మంట పెట్టినట్టు గుర్తొచ్చింది. పురింగ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎప్పుడూ మోకాళ్ళు నొప్పి పెట్టవా నీకు?" అడిగింది లోలా.

అప్పుడే ఒక నిజం చెప్పిన నోరు. వెంటనే ఇంకొకటి చెప్పమంటే ఏ నోరైనా అలిసిపోతుంది.

"అంతా దేవుడి దయ లోలా," అంది పురింగ్, పళ్ళ బిగువున. అది జవాబు కాదు కాబట్టి అబద్ధమూ కాదు.

"అదేంటి నాంగ్, నీ ఎడమ..." అని సోలిన్ మొదలుపెట్టింది. పురింగ్ బాగున్న కాలితో చెల్లెలి పాదం తొక్కింది. నలభై ఏళ్ళు రుబ్బురోలు దగ్గర నిలబడ్డ బరువది.

"నీ ఎడమ పక్క ఆర్కిడ్ ఎంత బాగుందో," అని ముగించింది సోలిన్, కళ్ళనీళ్ళతో.

బేరం కుదిరింది. కాయితాల మీద సంతకాలకి రెండు వారాలు పడుతుందన్నారు. ఆ రెండు వారాలే పురింగ్ బతుకులో అన్నిటికంటే పొడుగైనవి. ఎందుకంటే లోలా ఎంగ్రాసియా రోజూ పొద్దున గొడుగు వేసుకుని వచ్చేది, ఎక్కడం నేర్చుకోవడానికి.

"నువ్వు ముందు ఎక్కు ఇందాయ్. ఏ కాలు ముందు వేస్తావో చూస్తాను."

పురింగ్ ఎక్కేది. నవ్వుతూ ఎక్కేది. ఊపిరి లోపలే దాచుకుని, రెయిలింగ్ పట్టుకోకుండా, ఒక చిన్న పాట కూడా పాడుతూ ఎక్కేది. పైకి చేరాక లోలా తల తిప్పగానే గరిటెల గోడకి ఆనుకుని నోట్లో గుడ్డ కుక్కుకునేది. ముసలావిడ వెళ్ళిపోయాక దోరిక్ పెళ్ళాం వచ్చి అల్లం, కర్పూరం కలిపిన కొబ్బరినూనెతో మోకాలు రుద్దేది.

మూడో రోజు లోలా ముక్కు ఎగబీల్చింది. "ఏమిటీ కర్పూరం వాసన?"

"చెదలకి లోలా."

"చెదలున్నాయా?"

"ఇప్పుడు లేవు," అంది పురింగ్. అది ఏ పాపమో లెక్కవెయ్యడానికి ఆమెకి ఓపిక లేకపోయింది. అన్నీ కలిపి ఒకేసారి పాపసంకీర్తనంలో చెప్పుకుంది. తెర అవతల విచారణ గురువు చాలాసేపు దగ్గుతూ ఉండిపోయి, ప్రాయశ్చిత్తం కింద గుడి మెట్లు మూడుసార్లు ఎక్కమన్నాడు.

పండగకి రెండు రోజుల ముందు సంతకాలయ్యాయి. కొత్తవాళ్ళు ఆచారం ప్రకారం అన్నిటికంటే ముందు బియ్యం, ఉప్పు పట్టుకుని మెట్లెక్కారు. ఆ ఉప్పు డబ్బా లోలా ఎంగ్రాసియా స్వయంగా మోసింది, టక్, టక్, బంగారం దాకా. దగ్గలేదు. మూడు నెలల తర్వాత ఆవిడ రోజుకి రెండుసార్లు దిగి వీధి చివరి దాకా నడుస్తోందని, మెట్ల మహిమేనని ఊరంతా చెప్పుకున్నారు. మెట్ల మహిమో, రెండు వారాల సాధనో, ఎవరు చూడొచ్చారు?

పురింగ్ రేవు గదిలో దిగింది. కొట్టు గుమ్మానికి ఒకే ఒక్క మెట్టు ఉంది. తెచ్చిన సామాను దించుతూ దోరిక్ దాన్ని చూసి, "బంగారం నాంగ్," అన్నాడు. పురింగ్ దాన్ని కూడా చెక్కించేసింది.

ఇప్పుడు ఆమె బిబింకా కోసం పడవ తప్పిపోయినా ఫరవాలేదనుకునే వాళ్ళున్నారు. ఎవరైనా తింటూ తింటూ, నాంగ్, ఆ మెట్టు కథ నిజమేనా అని అడిగితే, ఆమె నిప్పుల పళ్ళెం ఎత్తి పక్కన పెట్టి, చెయ్యి నడుం మీద వేసుకుంటుంది.

"ఏ మెట్టు? మా ఇంటికి మొదటి నుంచీ పదమూడే. మా సిద్రో కల్లు ముట్టేవాడు కాదు. మా చెల్లెలు ఆ వారం ఊళ్ళోనే లేదు. కోడా? నేను కోళ్ళని పెంచలేదు, నాకు ఆ వాసన పడదు. మోకాలా? ఏ మోకాలు? ఇదిగో చూడు," అని ఒక కాలు ఎత్తి దించుతుంది. కుడి కాలు. "నీకీ కథ చెప్పిన ముసలాడెవడో నాకు తెలుసు. వాడికి ఇకనుంచి ఒక్క ముక్క పెట్టను. అందులో ఒక్క మాట కూడా జరగలేదు."